పిల్లకొక బీలకప్ప

చెల్లెలు విడిచిన గౌను అక్కకి తొడగడం మా ఇంట్లోనే చూస్తారు.

లిఖితకి చంకల కింద బిగుతైపోయిన గులాబీ గౌనుని ఉతికి, ఇస్త్రీ చేయించి సంచిలో పెట్టాను. యామిని లేచిన రోజున అదే తొడగాలి. యామిని పెద్దది, పుట్టి పదేళ్లు దాటింది. లిఖిత దాని తరవాత రెండేళ్లకి పుట్టింది. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడితే మాత్రం అక్క తల చెల్లెలి భుజం దగ్గరికి వస్తుంది. ఏడాదిలో తొమ్మిది నెలలు నిద్రపోయే పిల్ల ఏపాటి పెరుగుతుంది?

"ఈ ఏడు కూడా అక్కకి నా పాతవేనా? కొత్తది కొనొచ్చు గదా," అంది లిఖిత.

"నిద్ర నెగనీ, కొందాం."

"నెగుస్తాదా?"

"నోరు ముయ్యే గుంటా!" అని వీపు మీద ఒకటి వేశాను. ఆషాఢం సగం దాటింది. ఒక్క చినుకు పడలేదు.

మా ఊరిని ఆనుకుని బీల ఉంది. అది చెరువూ కాదు, పొలమూ కాదు. తుంగా జమ్మూ పెరిగిన పల్లపు నేల. నడుమ ఎప్పుడూ నీళ్లుంటాయి, అంచులు మాత్రం ఎండాకాలంలో నెర్రెలిస్తాయి. ఆ నెర్రెల్లో బతికే బోదురుకప్ప ఒకటుంది. ఒళ్లంతా పొక్కులు, వీపు మీద పసుపు చార, కళ్ల వెనక రెండు ఉబ్బులు. బీలకప్ప అంటాం. ఎండలు ముదిరే ముందు మట్టిలోకి దిగిపోయి, ఉల్లిపొర లాంటి పొర ఒంటికి చుట్టుకుని, గుండె కొట్టుకుంటోందో లేదో తెలియనట్టు పడుకుంటుంది. తొలివానకి పైకొచ్చి అరుస్తుంది. ఖాళీ కుండలో మూతిపెట్టి ఊదితే వచ్చే మోత లాంటిది ఆ అరుపు. నేను కాపరానికి వచ్చిన ఏడాది తొలివాన రోజున అది విని, ఊరంతా ఎవరో ఏడుస్తున్నారనుకుని భయపడ్డాను. మా అత్త దాలమ్మ నవ్వి, "ఏడుపు కాదే పిల్లా, బీల ఊపిరి పీల్సుకుంటంది," అంది.

మా వైపు కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. అది పెద్దవాళ్లకే వస్తుందనుకునేవాళ్లం. యామినికి అయిదో ఏట కాళ్లు పొంగాయి. పట్నం తీసుకెళ్తే మిషను పెట్టి రక్తం కడిగారు. రెండోసారికే, ఈ పిల్ల నరాలు తట్టుకోవన్నారు. నా కిడ్నీ ఇస్తానన్నాను. పరీక్ష చేసి, "నీదే సగం పోయింది, నీకు తెలీదా?" అన్నారు. మా ఆయన లోకనాథానిది సరిపడలేదు.

అప్పటికి బీల గట్టు మీద రేకుల షెడ్లు వేసుకుని పట్నాయక్ మేడం కప్పల మీద పరిశోధన చేస్తోంది. తొమ్మిదో తరగతి మధ్యలో నా చదువు ఆగిపోయింది కాబట్టి ఆవిడ చెప్పినదంతా నాకు ఎక్కలేదు. ఎక్కింది ఇది. నిద్రలో ఉన్న బీలకప్పకి కిడ్నీలు పనిచెయ్యవు. అయినా ఒంట్లో విషం చేరదు. దాని చర్మం నుంచి తీసిన మందు పిల్లకి ఎక్కిస్తే పిల్ల కూడా అలాగే పడుకుంటుంది.

"ఇది నయం చేసే మందు కాదమ్మా," అంది మేడం మొదటిరోజే, నా చెయ్యి పట్టుకుని. "ఆపే మందు. సరిపడే కిడ్నీ ఎవరిదైనా దొరికేదాకా రోగాన్ని ఆపుదాం. రోగంతో పాటు పిల్ల కూడా ఆగిపోతుంది. ఆలోచించుకో."

ఆలోచించడానికి ఏముంది? ఆ సాయంత్రమే మందెక్కి యామిని నా చేతి మీద చల్లబడింది. వెలగని పొయ్యి మీద కుండ ఎలా ఉంటుందో అలా ఉంది ఒళ్లు. ఊపిరి కోసం ముక్కు దగ్గర దూదిపింజ పట్టుకుని కూర్చున్నాను. పింజ కదలడానికి ఎంతసేపు పట్టిందంటే, ఆ లోపల నేను చెయ్యని మొక్కు లేదు.

పడుకోబెట్టే మందు సీసాలో నిలవుంటుంది. లేపే మందే నిలవుండదు. తొలివానకి పైకొచ్చిన కప్ప కళ్ల వెనక ఉబ్బుల్లోంచి తెల్లటి పాలు కారతాయి. ఏడాదికి ఆ ఒక్కరోజే. వానపాలంటాం మేం. పచ్చిగా ఉండగానే పిల్ల నాలుక మీద వెయ్యాలి. ఒక కప్ప పాలు ఒక పిల్లకి. రెండో ఏడు మేడం తొందరపడి, పైపుతో నీళ్లు చల్లించి, ఉరుముల చప్పుడు పెట్టెలో వినిపించింది. పాపం ఒక కప్ప పైకొచ్చింది. పాలు రాలేదు. మళ్లీ మట్టిలోకి దిగనూ లేదు, ఎండుటాకులా ముడుచుకుని చచ్చిపోయింది. నిజం వానకి తప్ప అది పాలివ్వదు. శ్రావణం దాటేలోగా వాన రాకపోతే మట్టిలో కప్పలూ ఉండవు, మంచాల మీద పిల్లలూ ఉండరు.

ఏటా లేచేటప్పుడు యామిని ఒంటి మీంచి పల్చటి పొర ఊడుతుంది. తడిగుడ్డతో నేనే తీస్తాను. కళ్లు తెరవగానే అది అడిగేది ఒకటే. "అమ్మా, కప్పలు అరుస్తన్నాయా?" కిటికీ తెరుస్తాను. విని, అప్పుడు నవ్వుతుంది. ఆ తరవాత చారన్నం అడుగుతుంది. మూడు నెలలు ఆడుతుంది, బడికి వెళ్తుంది, చెల్లెలితో తగువులాడుతుంది. దీపావళి మతాబులు కాల్చిన మర్నాడు మళ్లీ కాళ్లు పొంగుతాయి. "ఇంకో రెండ్రోజులమ్మా," అని ఏడుస్తుంది. ఎత్తుకుని షెడ్డుకి తీసుకెళ్తాను.

అలా ఏడుగురు పిల్లలున్నారు ఆ షెడ్డులో. మేం ఏడుగురు తల్లులం, మా అత్తలు, వంతులేసుకుని కాపలా ఉంటాం. పెదాలు తడపడం, ఈగ వాలకుండా చూడడం మా పని.

బీలని కప్పెట్టడం మొదలై మూడేళ్లయింది. ఏదో కంపెనీ వస్తోందట, రోడ్డు వేస్తారట. ఎర్ర గ్రావెల్ మీద గ్రావెల్, ఆ పైన పక్క ప్లాంటు నుంచి తెచ్చిన బూడిద. తోలేవాళ్లలో మా ఆయన కూడా ఉన్నాడు. టిప్పర్ డ్రైవరు.

"నువ్వు పోసే మట్టి కిందే గదయ్యా కప్పలు పడుకున్నాయి," అన్నాను ఒకరోజు అన్నం పెడుతూ.

"తెల్దేటి నాకు? నాను మానేస్తే ఇంకో డ్రైవరొస్తాడు. ఆడికి పిల్ల నేదు. ఇంకా బేగి తోల్తాడు." ముద్ద నోట్లో పెట్టుకోకుండానే చెయ్యి కడిగేసుకున్నాడు.

మేడం దొరికినన్ని కప్పల్ని తెచ్చి, షెడ్డు వెనక బీలమట్టి పోసి మడి కట్టింది. పైన టార్పాలిన్. వాన మొదలవగానే టార్పాలిన్ చుట్టెయ్యాలి. అప్పటిదాకా ఒక్క నీటిబొట్టు తగలకూడదు. మడిలో కప్పలు బతికాయి గానీ గుడ్లు పెట్టలేదు. ఏటా కొన్ని తగ్గుతూ ఈ ఏటికి ఎనిమిది మిగిలాయి. పిల్లలు ఏడుగురు.

ఒక మధ్యాహ్నం మడి పక్కన కూర్చుని అత్త మేడాన్ని అడిగింది.

"పిల్లలెప్పుడు నెగుస్తారమ్మా?"

మేడం ఎన్నాళ్లుగానో నిద్రలేక కళ్లు లోపలికి పోయి ఉంది. "వాన రావాలి దాలమ్మా. వానొస్తే కప్పలు లేస్తాయి. కప్పలు లేస్తే పిల్లలు లేస్తారు."

"అయితే గావాల్సింది వానే గదా."

"అంతే."

"అదేనా సంగతి," అంది అత్త. ఆ మాటలో ఏదో నెమ్మది వినిపించింది నాకు. దేవుడి మీద భారం వేసిందనుకున్నాను.

బీలలో మిగిలిన ఈశాన్యం మూల కూడా కప్పెట్టడానికి ఆ శనివారం పక్కూళ్లో మీటింగు పెట్టారు. జనం ఏమంటారో వింటారట. మేడం మా ఏడుగురినీ రమ్మంది. పిల్లల దగ్గర అత్తల్ని కూర్చోబెట్టి వెళ్లాం.

షామియానా కింద ఫ్యాన్లు వేదిక మీది ఆఫీసర్లవైపే తిరుగుతున్నాయి. నా చేతికి మైకిచ్చారు. జన్మలో మైకు పట్టుకోలేదు. "అయ్యా, ఆ ఒక్క మూల ఒదిలెయ్యండి," అన్నాను. నా గొంతు నాకే ఎక్కడో దూరం నుంచి వినిపించింది. "అక్కడైతేనే అవి గుడ్లు పెడతాయి. అవుంటేనే మా పిల్లలు నెగుస్తారు."

"ఇంకోచోట గుంత తవ్విస్తామమ్మా మీ కప్పలకి. సిమెంటు కూడా చేయిస్తాం," అన్నాడు ఆఫీసర్లలో ఒకాయన.

మేడం లేచి, గుంతలో అవి గుడ్లు పెట్టవని చెప్పబోయింది.

"కప్పలు సంసారం చెయ్యకపోతే మమ్మల్నేం చెయ్యమంటారు మేడం?" అన్నాడాయన. వెనక వరసలన్నీ గొల్లుమన్నాయి. మా ఊరివాళ్లూ నవ్వారు. పక్కనున్న ఢిల్లీశ్వరి, కొడుకు షెడ్డులో పడుకున్న మనిషి, తనూ నవ్వబోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

అప్పుడే షామియానా ఎగిరింది. గాలి సముద్రం వైపు నుంచి తిరిగింది. మట్టివాసన! ఢిల్లీశ్వరి కొంగు నోట్లోంచి తీసి, "ఓలమ్మ, వాన!" అని అరిచింది. మైకు కుర్చీలో పడేసి పరిగెత్తాను. ఆటోలో మేడంతో కలిపి ఎనిమిదిమందిమి ఒకరి ఒళ్లో ఒకరం. ఆటో అబ్బాయి, "పడిపోతారు పిన్నీ," అంటున్నా వినకుండా ఢిల్లీశ్వరి బయటికి చెయ్యి చాచి చినుకులు పట్టింది. అవి తెచ్చి నా మొహాన రాసింది. నవ్వుతున్నాం. మేడం కూడా. ఆవిడ నవ్వగా నేను చూడడం అదే మొదలు.

షెడ్డు చేరేసరికి జోరందుకుంది. టార్పాలిన్ చుట్టెయ్యడానికి వెనక్కి పరిగెత్తాం.

అది చుట్టేసే ఉంది. మడి నిండా గుంతలు. పక్కన గునపం, వేపమండలు, పసుపునీళ్ల చెంబు. గోడకి చేరేసిన రోకళ్లు.

అత్త వానలో తడుస్తూ నిలబడి ఉంది. మొహం వెలిగిపోతోంది. వెనక మిగతా అత్తలు.

"సూసినావా," అంది నాతో. "రాదు రాదన్నారు. తెచ్చినాం గదా!"

"ఏటి సేసినావత్తా?"

"ఏటి సేత్తాం? కప్పతల్లిని మోసినాం. ఎన్నేళ్లయింది మోసి! ఒక్క కప్పయితే ఊరందరి వాన. మనకి పిల్లకొకటి గావాల గదా. అందుకే ఏడు రోకళ్లకి ఏడు. వేపమండల్లో కట్టి గడపగడపకీ తిప్పినాం. ప్రతీ ఇంట్లోనూ నీళ్లు పోసినారు. పాడీ పాడీ నా గొంతు పోయింది."

మేడం గోడకి ఆనుకుంది. "నీళ్లు తగలకూడదని చెప్పాను కదా దాలమ్మా. ఎన్నిసార్లు చెప్పాను..."

"నీళ్లెవులు పోసినారమ్మా?" అత్త నిజంగానే ఆశ్చర్యపోయింది. "పూజ సేసినాం."

"అవేవి? ఆ ఏడూ ఏవి?"

"మోసేక ఉంచుకోకూడదు. నీటిలో ఒదిలెయ్యాల. బీలలో ఒదిలేసినాం. పసుపూ కుంకంబొట్టూ పెట్టి, తాంబూలం ఇచ్చి మరీ."

బీలలో మిగిలిన నీళ్లంటే ఆ మూల ఒక్కటే. వానకి గుట్టల మీది బూడిదంతా అందులోకే కారుతోంది. పరిగెత్తాం. మా ఆయన టిప్పరు గట్టు మీద ఆగి ఉంది. ఆయన మొలలోతు నీళ్లలో ఉన్నాడు. మమ్మల్ని చూసి దోసిలి పైకెత్తాడు. అందులో మూడున్నాయి. కాళ్లకి వేపాకులు ఇంకా చుట్టుకునే ఉన్నాయి. కుంకం కరిగిపోయింది. పొట్టలు పైకి తిరిగిపోయాయి, వాటి మీద బూడిద సున్నంలా పేరుకుంది. మిగతా నాలుగూ దొరకలేదు.

"నాను దించిన బూడిదే," అన్నాడాయన. ఎవరితో అన్నాడో తెలియదు. "పొద్దున్న నాను దించిన లోడే ఇది."

మేం తిరిగి వచ్చేసరికి మడి ఒక మూల మట్టి కదిలింది. తవ్వకుండా మిగిలిన ఎనిమిదో కప్ప. అదొక్కటే నిజం వానకి లేచింది. పొర చింపుకుని, ఆ పొరనే మింగుతూ, మెల్లిగా వానలోకి వచ్చి కూర్చుంది. కళ్ల వెనక ఉబ్బులు తెల్లగా చెమర్చాయి. అరవలేదు. బదులు పలకడానికి ఇంకోటి లేదు గదా.

మేడం మోకాళ్ల మీద కూర్చుని పాలు గాజుగిన్నెలోకి తీసింది. లోపలికి వచ్చింది. ఏడు మంచాలు. అత్తలు గుమ్మం బయటే ఆగిపోయారు. సంగతేమిటో వాళ్లకి అప్పటికి తెలిసిపోయింది.

"వీళ్లకి నేను సగమే చెప్పాను," అంది మేడం గిన్నెలోకి చూస్తూ. "అర్థమవ్వాలని తేలిక మాటల్లో చెప్పాను." తరవాత మావైపు తిరిగింది. "ఇది ఒక్కరికి సరిపోతుంది. అందరికీ పంచితే కాసేపు కళ్లు తెరుస్తారు, అంతే. మళ్లీ ఆ నిద్రలోకే పోతారు. లేపడానికి ఇంకేం లేదు. ఎవరికో మీరే చెప్పండి. త్వరగా చెప్పండి, ఆరిపోతోంది."

రేకుల మీద వాన. నా నోట్లో యామిని పేరు ఉంది. నాలుక చివరిదాకా వచ్చింది. నేను దాలమ్మ కోడల్ని. ఊరి వాకిళ్ల వెంట రోకలి ముందు నడిచింది మా అత్త. నా పిల్లకి ఇమ్మని ఏ మొహంతో అడగను? అడగకుండా ఎలా ఉండను? మిగతా ఆరుగురి మొహాలు చూశాను. అందరి పెదాలూ కదిలి ఆగుతున్నాయి.

"పంచియ్యండమ్మా," అంది ఢిల్లీశ్వరి.

"ఢిల్లీశ్వరీ, పంచితే ఎవరూ..."

"పంచియ్యండి."

వద్దు అని ఒక్కరు అనాలి. అన్న మనిషి, మరైతే ఎవరికో చెప్పాలి. ఎవరమూ అనలేదు. తప్పని ఏడుగురికీ తెలుసు. తెలిసే తలొంచుకున్నాం.

మేడం గిన్నె పట్టుకుని మంచం మంచానికీ వెళ్లింది. చుక్క, చుక్క, చుక్క. యామినిది కిటికీ పక్క మంచం. నాలుక మీద పడిన చుక్క ఎప్పుడు మాయమైందో కూడా కనిపించలేదు.

ముందు రెప్పలు కదిలాయి. చేతివేళ్ల కొసలు వెచ్చబడ్డాయి. నేను దాని మీదికి వంగిపోయాను. యామిని కళ్లు తెరిచింది. నన్ను చూసింది. గుర్తుపట్టింది.

"అమ్మా."

"ఉన్నానే తల్లీ."

"వానొచ్చిందా?"

"వచ్చిందమ్మా. పెద్ద వాన."

అది చెవి ఒగ్గింది. నుదురు ముడిపడింది. "మరి కప్పలు అరవట్లేదేం?"

కిటికీ తెరిచాను, ఏటా తెరిచినట్టే. వాన చప్పుడు, దూరంగా రేకు మీద ఏదో టపటప. అంతే. యామిని నా వెనక ఎవరైనా ఉన్నారేమోనన్నట్టు చూసింది. దాని మొహంలోకి భయం రావడం చూశాను. ఇంకా లేవలేదు కాబోలు, ఇంకా ఆ చీకట్లోనే ఉన్నాను కాబోలు అనుకుంటోంది పిల్ల.

అప్పుడు వచ్చింది కిటికీ కింద నుంచి ఆ అరుపు. ఖాళీ కుండలో ఊదినట్టు. ఊమ్మ్. ఆగి, మళ్లీ ఊమ్మ్.

వంగి చూశాను. అత్త బురదలో గొంతుకూర్చుని, పసుపునీళ్లు పారబోసిన చెంబుకి మూతి ఆనించి అరుస్తోంది. చిన్నప్పుడు తుంగ కోసేటప్పుడు బీలకప్పలతో అలా మాట్లాడేవాళ్లమని ఎప్పుడో చెప్పింది. జుట్టు మొహానికి అంటుకుపోయింది. నావైపు చూడలేదు.

"అదుగో," అన్నాను. "అరుస్తన్నాయి. విను."

యామిని మొహం విప్పారింది. నవ్వింది. "చారన్నం పెట్టమ్మా," అంది.

"పెడతాను. గులాబీ గౌను తెచ్చాను చూడు. ఇస్త్రీ కూడా..."

సంచి కోసం తిరిగాను. మళ్లీ దానివైపు తిరిగేసరికి రెప్పలు సగం వాలిపోయాయి. పెదాల మీద నవ్వు ఉంది. వేళ్ల కొసలు నా చేతిలోనే చల్లబడ్డాయి, ఒక్కొక్కటిగా. పక్క మంచం మీద ఢిల్లీశ్వరి కొడుకు నీళ్లడిగాడు. గ్లాసు నోటిదాకా వెళ్లలేదు.

బయట ఇంకో చెంబు మోగింది. ఇంకోటి. మిగతా అత్తలు కూడా గోడ వెంట వరసగా కూర్చున్నట్టున్నారు. ఏడు గొంతులు ఒకదానికొకటి బదులిస్తూ, నేను కాపరానికి వచ్చిన ఏడాది తొలివాన రోజున విన్నట్టే, బీల మొత్తం ఊపిరి పీల్చుకుంటున్నట్టే.

దూదిపింజ తెచ్చి యామిని ముక్కు దగ్గర పట్టుకున్నాను. మేడం నేల మీద కూర్చుని రెండు చేతులతో చెవులు మూసుకుంది.

చీకటి పడకముందే వాన వెలిసింది. గొంతులు ఒక్కొక్కటే ఆగాయి. అత్త మాత్రం చెంబు దించలేదు.